ఫైటర్ పైలట్ ఉద్యోగం వదిలి ఎమ్మెల్యేగా నిలబడాలనుకునే మీకు

మీరు అడిగింది ఇదీ. వయసు నలభై ఒకటి, వైమానిక దళంలో వింగ్ కమాండర్, ఫైటర్ పైలట్, సొంతూరు ఆదోని డివిజన్‌లో. ఇరవై ఏళ్ల సర్వీసు పూర్తి కావస్తోంది. ముందస్తు రిటైర్మెంట్ తీసుకుని 2029లో మీ వైపు అసెంబ్లీ సీటుకు పోటీ చేయాలని ఉంది. టికెట్ ఎలా వస్తుంది, చట్టపరంగా అడ్డంకులు ఏమున్నాయి, అసలు గెలిచే అవకాశం ఉందా అని.

నేను కర్నూలులో వకీలుని. రాయలసీమలో చాలా ఎన్నికలకు నామినేషన్ పత్రాలు తయారు చేశాను, అభ్యర్థులకు ఎన్నికల ఏజెంటుగా ఉన్నాను, ఖర్చుల లెక్కలు సమర్పించాను. మీరు టికెట్ గురించి ముందు అడిగారు, దాన్ని నేను చివర్లో చెప్తాను, ఎందుకంటే మీలాంటి వాళ్లను దగ్గరగా చూసినంతలో వాళ్ల గెలుపోటములను ఎక్కువగా తేల్చింది వాళ్లు ఊరికి ఎప్పుడు తిరిగొచ్చారన్నదే. ఎన్నికల ఏడాదిలో వచ్చి దిగే ఆఫీసరును జనం గౌరవిస్తారు, టీ ఇస్తారు, ఫోటో దిగుతారు. మూడేళ్ల ముందే వచ్చి తహసీల్దార్ ఆఫీసు వరండాలో వాళ్లతో పాటు నిలబడినవాడికి ఓటేస్తారు. అందుకే మీరు బయటికి రావాలనుకుంటే 2028 దాకా ఆగొద్దు.

మన తెలుగువాళ్లలో మీకు దగ్గరి ఉదాహరణ ఉత్తమ్ కుమార్ రెడ్డి గారు. మిగ్-21, మిగ్-23 నడిపిన ఫైటర్ పైలట్, తర్వాత రాష్ట్రపతి భవన్‌లో పనిచేశారు. ఇప్పుడు తెలంగాణ నీటిపారుదల మంత్రి కాబట్టి అందరికీ ఆ పదవే కనిపిస్తుంది గానీ, 1994లో కోదాడలో ఆయన మొదటిసారి పోటీ చేసి ఓడిపోయారన్నది మీరు గట్టిగా పట్టుకోవాల్సిన విషయం. ఓడాక వేరే సీటు వెతుక్కోలేదు, 1999లో మళ్లీ అదే కోదాడలో నిలబడి గెలిచారు, 2004లోనూ గెలిచారు. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత 2009లో హుజూర్‌నగర్‌కు మారి అక్కడ 2014, 2018లో కూడా గెలిచారు, 2019లో నల్గొండ ఎంపీ అయ్యారు, 2023లో తిరిగి హుజూర్‌నగర్ ఎమ్మెల్యే అయ్యారు. మొదటి ఓటమికీ మొదటి గెలుపుకూ మధ్య ఐదేళ్లు. ఆ ఐదేళ్లు జీతం లేకుండా, ఫ్లైయింగ్ లేకుండా, ఓడిపోయిన మనిషిగా అదే ఊళ్లలో తిరగగలరా అని మీ ఇంట్లో కూర్చుని ఒకసారి మాట్లాడుకోండి. తిరగలేననిపిస్తే దరఖాస్తు పెట్టకండి, నిజంగా చెప్తున్నా.

మీరు రాజేశ్ పైలట్ గారి పేరు రాశారు. ఆయన కథ వేరు. 1971 యుద్ధంలో పాల్గొన్న స్క్వాడ్రన్ లీడర్, 1979లో ఉద్యోగం వదిలారు, 1980లో భరత్‌పూర్ నుంచి లోక్‌సభకు గెలిచారు. పేరులోనే పైలట్ అని చేర్చుకున్నారు. అంత తక్కువ టైమ్‌లో అది సాధ్యమైందంటే వెనక ఇందిరా గాంధీ ఉన్నారు, దేశమంతా ఆవిడ తిరిగి గెలుస్తున్న గాలి ఉంది. అలాంటి గాలి మీ కోసం వీస్తుందని ప్లాన్ వేసుకోలేం. ఆయన్నుంచి నేర్చుకోవాల్సింది ఆ తర్వాతి ఇరవై ఏళ్లు. 1984లో దౌసాకు మారి, అక్కడి పల్లెల్లో పాతుకుపోయారు, 2000లో రోడ్డు ప్రమాదంలో చనిపోయేదాకా ఆ ప్రాంతం ఆయన్ని తమ మనిషిగానే చూసింది.

మన కర్నూలులోనే 2024లో ఏం జరిగిందో చూడండి. ఐఏఎస్ అధికారి ఇంతియాజ్ గారు స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని కర్నూలు సీటుకు వైఎస్సార్‌సీపీ తరఫున నిలబడ్డారు, టీజీ భరత్ గారి చేతిలో ఓడిపోయారు. ఆ ఏడాది గాలి కూడా ఎదురుగానే ఉంది, రాష్ట్రమంతా ఆ పార్టీకి 175లో 11 సీట్లే వచ్చాయి, కాబట్టి ఆయన ఓటమికి ఒకే కారణం చెప్పడం అన్యాయం. కానీ ఉద్యోగం వదిలిన రోజుకూ పోలింగ్ రోజుకూ మధ్య కొద్ది నెలలే ఉంటే ఎంత మంచి సర్వీసు రికార్డు ఉన్నా వార్డు వార్డునా మనుషుల్ని కూడగట్టుకునే వ్యవధి ఉండదు. ఆయనకు కనీసం ప్రజలతో నేరుగా పనిచేసిన జిల్లా పాలన అనుభవం ఉంది. మీరు ఇరవై ఏళ్లు ఎయిర్ బేస్ ప్రహరీ లోపలే ఉన్నారు, మీ ఊరివాళ్లలో సగం మందికి మీరు ఎక్కడ పనిచేస్తున్నారో కూడా తెలీదు.

నాన్ లోకల్ అనే మాట మీ మీద మొదటి రోజే పడుతుంది, మీరు అక్కడే పుట్టినా సరే. అమెరికాలో జాన్ మెకెయిన్‌కు కూడా ఇదే ఎదురైంది. నేవీ పైలట్, 1967లో ఉత్తర వియత్నాం రాజధాని హనోయ్ మీద విమానం కూలి ఐదేళ్లకు పైగా ఖైదులో ఉన్నారు, 1982లో అరిజోనాలో పోటీ చేస్తే బయటివాడన్నారు. సైనిక కుటుంబం కాబట్టి ఊళ్లు మారుతూనే పెరిగాననీ, జీవితంలో ఎక్కువ కాలం ఒకే చోట ఉన్నది హనోయ్‌లోనే అనీ ఆయన చెప్పిన జవాబుతో ఎదుటివాళ్ల నోరు మూతపడింది. మీకు అలాంటి జవాబు దొరకదు, వెతకొద్దు కూడా. మీ ఊళ్లో ఇల్లు తెరిచి ఉండాలి, ఉదయం ఆరింటికి అరుగు మీద మీరు కనపడాలి, పిల్లల్లో ఒకరైనా ఆదోనిలోనో కర్నూలులోనో చదవాలి. మా వైపు మనిషి లోకలా కాదా అన్నది ఇట్లాంటివి చూసే తేలుస్తారు.

యూనిఫాం సంగతి. దీని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది, చట్టం కూడా అటే ఉంది. 2019 ఫిబ్రవరి 27న వైమానిక దళ పైలట్ అభినందన్ వర్ధమాన్ పాకిస్తాన్‌కు చిక్కాక ఆయన ఫోటో పార్టీ బ్యానర్ల మీద కనిపించింది. మార్చి 9న ఎన్నికల సంఘం పార్టీలన్నింటికీ లేఖ రాసింది, రక్షణ సిబ్బంది ఫోటోలు, సైనిక కార్యక్రమాల ఫోటోలు ప్రచారంలో వాడొద్దని. 2013 డిసెంబర్‌లో ఇచ్చిన సూచననే అందులో మళ్లీ గుర్తు చేసింది. కాబట్టి కాక్‌పిట్‌లో కూర్చున్న ఫోటో, హెల్మెట్ చంకలో పెట్టుకున్న ఫోటో, స్క్వాడ్రన్ గుర్తు, ఇవేవీ ఫ్లెక్సీల మీదికి రాకూడదు. మీరు వద్దన్నా మీ చుట్టూ ఉన్న కుర్రాళ్లు వేస్తారు, ఆ ఫిర్యాదు మీ పేరు మీదే వస్తుంది. పేరు ముందు ర్యాంకు రాసుకుంటే పక్కన రిటైర్డ్ అని తప్పకుండా ఉండాలి. నడిపిన విమానాల గురించి అడిగితే చెప్పండి, మిషన్ల గురించి వేదిక మీద మాట్లాడకండి, అధికార రహస్యాల చట్టం రిటైర్మెంట్‌తో ముగిసిపోదు.

చట్టం కన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. అనంతపురం జిల్లాలో ఒక రిటైర్డ్ ఆర్మీ అధికారి ఇండిపెండెంట్‌గా నిలబడినప్పుడు ఆయన పత్రాలు నేనే చూశాను. మంచి మనిషి, ప్రతి సభలో దేశం కోసం తాను చేసినదే చెప్పేవారు. జనం శ్రద్ధగా విన్నారు, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పోలింగ్ రోజు సగం బూత్‌లలో ఆయనకు ఏజెంటే లేడు. డిపాజిట్ పోయింది. ఆ సభల్లో ఒక రైతు నా పక్కనే అన్న మాట నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది: "సార్ దేశానికి శానా చేసినాడు, మాకేం చేస్తాడో ఒక్క ముక్క గూడా చెప్పల్యా."

ఇక కాగితాలు. సర్వీసులో ఉండగా మీరు రాజకీయ సభకు పోకూడదు, పార్టీ వాట్సాప్ గ్రూపులో ఉండకూడదు, పత్రికలకు రాజకీయ ప్రకటన ఇవ్వకూడదు. రాజ్యాంగం 33వ అధికరణ కింద పార్లమెంటుకు ఉన్న అధికారంతో 1950 నాటి వైమానిక దళ చట్టం, 21వ సెక్షన్, దాని కింది నియమాలు ఈ హక్కులను పరిమితం చేశాయి. అందుకే ఎవరో నాయకుడితో ముందు మాట్లాడుకుని, భరోసా వచ్చాక ఉద్యోగం వదులుతాననే మీ ఆలోచన ప్రమాదం. ఆ ఫోటో ఒక్కటి బయటికొస్తే ఇరవై ఏళ్ల పేరు పోతుంది.

ముందస్తు రిటైర్మెంట్, మీ భాషలో పీఎస్ఎస్, హక్కు కాదని మీకు నాకంటే బాగా తెలుసు. పైలట్ శిక్షణకు దేశం పెట్టిన ఖర్చు పెద్దది, స్క్వాడ్రన్లలో కొరత ఉందంటే ఆపుతారు, ఆపినా తప్పు పట్టలేం. కాదంటే సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు పోవచ్చు, మన రాష్ట్రానికి చెన్నై బెంచ్. దానికీ నెలలు పడుతుంది. ఆఫీసర్లకు పెన్షన్ రావాలంటే ఇరవై ఏళ్ల అర్హత సర్వీసు నిండాలి, ఒక్క నెల తక్కువున్నా తొందరపడకండి. 2015 నాటి ఓఆర్‌ఓపీ (ఒకే ర్యాంకుకు ఒకే పెన్షన్) ఉత్తర్వులో ఇకపై సొంత కోరికతో వెళ్లిపోయేవాళ్లకు అది వర్తించదని రాశారు, దాని మీద కోర్టుల్లో కేసులు నడిచాయి, కాబట్టి మీ పెన్షన్ ఎంత వస్తుందో లెక్కల విభాగం నుంచి రాతపూర్వకంగా తెప్పించుకుని ఇంట్లో చూపించండి.

రిలీవ్ కావడం ఎంత టెన్షన్ పెడుతుందో తెలియాలంటే 2019లో హిందూపురం ఎంపీ ఎన్నిక చూడండి. అనంతపురం జిల్లాలో సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న గోరంట్ల మాధవ్ గారు వీఆర్ఎస్ పెట్టి నామినేషన్‌కు సిద్ధమయ్యారు, ప్రభుత్వం నుంచి రిలీవింగ్ రాలేదు, విషయం ట్రిబ్యునల్‌కు, హైకోర్టుకు పోయింది, నామినేషన్ గడువు ముంచుకొస్తుంటే ఆయన వర్గం అంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. చివరికి పోటీ చేశారు, గెలిచారు. రాజకీయాల్లోకి రావడానికి ఇన్నేళ్లు ఆగాలన్న గడువు మన చట్టంలో లేదు, కానీ నామినేషన్లు పరిశీలించే స్క్రూటినీ రోజుకు మీరు లాభదాయక పదవిలో, అంటే ప్రభుత్వ ఉద్యోగం లాంటి దాంట్లో ఉంటే 191వ అధికరణ కింద నామినేషన్ పోతుంది. పెన్షన్ తీసుకోవడం లాభదాయక పదవి కిందికి రాదు, ఆ భయం అక్కర్లేదు.

ఓటు ఎక్కడుందో ఈ రోజే చూసుకోండి. అసెంబ్లీకి నిలబడాలంటే వయసు 25 దాటితే చాలదు, ఈ రాష్ట్రంలో ఏదో ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. సొంతూళ్లో సర్వీస్ ఓటరుగా ఉన్నారా, లేక పోస్టింగ్ ఉన్నచోట సాధారణ ఓటరుగా నమోదయ్యారా? చాలామంది ఆఫీసర్లు బేస్‌లో ఎవరో ఫారం ఇస్తే సంతకం పెట్టి మర్చిపోతారు. అలాగైతే మీ ఓటు ఏ గ్వాలియర్‌లోనో పుణెలోనో ఉంటుంది, అక్కడి నుంచి తప్పించుకుని ఊరికి తెచ్చుకోవాలి, అది నోటిఫికేషన్ వచ్చాక పెట్టుకునే పని కాదు.

నామినేషన్‌తో పాటు ఆస్తులు, కేసుల వివరాలు ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో ఖాళీలు వదలకూడదు, వర్తించకపోతే వర్తించదు అని రాయాలి, 2013లో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. మీ విషయంలో నాకు అనుమానం పొలం దగ్గరే. మీ నాన్నగారి పొలం అన్నదమ్ముల మధ్య నోటిమాటగా పంచుకున్నామన్నారు. రెవెన్యూ రికార్డులు, అంటే 1బీ, అడంగల్ తీయించి చూడండి, మీ పేరు మీద ఎంతుందో, చెల్లెళ్ల హక్కు ఎక్కడుందో. అఫిడవిట్‌లో ఒకటి, రెవెన్యూ రికార్డులో ఇంకొకటి ఉంటే ప్రత్యర్థి వకీలు దాన్నే పట్టుకుంటాడు, అంతకన్నా బాధ ఏమిటంటే మీ దాయాదులే ఆ కాగితం తీసుకెళ్లి అతనికి ఇస్తారు.

డబ్బు. అసెంబ్లీ అభ్యర్థికి ఖర్చు పరిమితి 2022 నుంచి 40 లక్షలు, డిపాజిట్ 10 వేలు, పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు రాకపోతే అది పోతుంది. ఎన్నికలకు విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి, ఫలితం వచ్చాక 30 రోజుల్లో లెక్క ఇవ్వాలి, ఇవ్వకపోతే మూడేళ్లు అనర్హత వేటు పడొచ్చు. రూల్ ఇదీ. బయట ఎంత ఖర్చవుతుందో, ఓటుకు ఎంత పంచుతారో మీ ఊళ్లో చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు. అది నేరం, నేను ఏ అభ్యర్థికీ అందులో సలహా ఇవ్వలేదు, మీకూ ఇవ్వను. కానీ ఒక్కటి చెప్పాలి. గ్రాట్యుటీ, కమ్యూటేషన్ (పెన్షన్‌లో కొంత ముందే ఒకేసారి తీసుకునే డబ్బు), ప్రావిడెంట్ ఫండ్ కలిపి మీ చేతికొచ్చే మొత్తం గురించి తెలియగానే చుట్టూ మనుషులు చేరతారు. ఆ డబ్బులో పిల్లల చదువు, ఇల్లు తీసేసి మిగిలిన దాంట్లో కొంత భాగమే దీనికని ముందే రాసి పెట్టుకోండి, అది అయిపోతే ఆగిపోండి. అప్పు చేసి నిలబడిన మనిషి గెలిచినా ఆ అప్పిచ్చినవాడి ఎమ్మెల్యేనే అవుతాడు.

పైలట్‌గా మీకున్న అలవాట్లలో ఒకటి ఇక్కడ బంగారం. సార్టీ (ఒక విడత ఫ్లైయింగ్) అయ్యాక జరిగే సమీక్ష, డీబ్రీఫ్‌లో ర్యాంకు పక్కన పెట్టి ఎవరు ఎక్కడ తప్పు చేశారో మొహం మీదే చెప్పుకుంటారని నాకు తెలిసిన వైమానిక దళం వాళ్లు చెప్తారు. మన పార్టీ ఆఫీసుల్లో అది అస్సలు లేదు. నాయకుడికి ఎవరూ నిజం చెప్పరు, అన్నా మనదే మెజారిటీ అంటూనే ఓడిస్తారు. మీరు వారానికోసారి బూత్ కుర్రాళ్లను కూర్చోబెట్టి, నేను ఎక్కడ తప్పుగా మాట్లాడాను, ఏ వీధిలో నా మీద కోపం ఉంది అని అడిగి, చెప్పినవాడి మీద కక్ష పెట్టుకోకుండా ఉంటే అదొక్కటే మిమ్మల్ని మిగతా వాళ్లకంటే చాలా ముందు పెడుతుంది. నియోజకవర్గంలో రెండు వందల పైచిలుకు పోలింగ్ కేంద్రాలు ఉంటాయి. ప్రతి కేంద్రంలో ఉదయం యంత్రాన్ని పరీక్షించే మాక్ పోల్‌కు టైమ్‌కు వచ్చి, సాయంత్రం పోలైన ఓట్ల లెక్క ఉండే ఫారం 17సీ నకలు తీసుకునేదాకా కదలని మనిషి కావాలి. ఆ మనుషుల్ని తయారు చేసుకోవడానికే రెండేళ్లు పడుతుంది, అందుకే మొదట్నుంచీ త్వరగా రండి అంటున్నా.

వదులుకోవాల్సిన అలవాటు కూడా ఉంది. మీకు పదింటికి అంటే పదింటికే. ఇక్కడ పదింటి మీటింగుకు పన్నెండుకు వస్తారు, వచ్చినవాళ్ల మీద విసుక్కుంటే మళ్లీ రారు. మధ్యాహ్నం తినే టైమ్‌లో ఒక ముసలమ్మ పింఛను ఆగిపోయిందని వస్తుంది, రాత్రి పదకొండుకు ఒకాయన కర్నూలు పెద్దాసుపత్రిలో బెడ్ కావాలని ఫోన్ చేస్తాడు, ఇంకొకరు ఎస్సైకి ఒక మాట చెప్పమంటారు. మొదటి రెండూ చేయండి, మూడోది కేసు చూసి చేయండి, ఎందుకంటే పోలీస్ స్టేషన్ పంచాయితీలో ఒకసారి ఒక వర్గం వైపు నిలబడితే రెండో వర్గం మిమ్మల్ని పదేళ్లు మర్చిపోదు. మా పెద్దవాళ్లు అంటారు కదా, పెండ్లికి పోకున్నా ఏం గాదు, సావుకు మాత్రం పోవాల అని. ప్రత్యర్థి ఇంట్లో సావైనా పోండి.

ఒక్క సమస్య పట్టుకోండి, దాన్ని కాగితం మీద నిలువెల్లా చదవండి. మీ వైపైతే తుంగభద్ర దిగువ కాలువ (ఎల్లెల్సీ). ఎల్లెల్సీ కింద మన వాటా 24 టీఎంసీలు, కాలువ చాలా దూరం కర్ణాటకలో పారి వచ్చాకే మన సరిహద్దు తాకుతుంది, దారిలో ఎంత పోతుందో ఆయకట్టు చివర ఉన్న రైతుకే తెలుసు. డ్యామ్ కట్టినప్పుడు 133 టీఎంసీలు నిలిచేది, పూడిక వల్ల ఇప్పుడు 105 చిల్లరే నిలుస్తుంది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ నంబరు గేటు కొట్టుకుపోయినప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు రైతులు ఎంత అల్లాడిపోయారో నేను కళ్లారా చూశాను. ఆ నీళ్లు అందకపోతే కోసిగి, మంత్రాలయం వైపు ఊళ్లు సుగ్గికి, అంటే కూలి వలసకు పోతాయి, గుంటూరు మిరప కోతలకు ఇళ్లకు తాళాలేసి, బడి పిల్లల్ని వెంటేసుకుని పోతాయి. ఎన్నికలకు ముందు నీళ్లు తెస్తామని అందరూ అంటారు. ఏ నెలలో ఎన్ని క్యూసెక్కులు రావాలి, ఎన్ని వచ్చాయి, ఎక్కడ తగ్గాయి అని లెక్క పెట్టుకుని మాట్లాడే మనిషి కావాలి. మీ చదువు, మీ శిక్షణ నిజంగా పనికొచ్చేది ఇక్కడ, నాకు మీ మీద ఆశ ఉన్నదీ ఇందుకే.

కులం గురించి మీరు అడగలేదు, నేను దాటవేయను. బోయ, కురువ, లింగాయత్, ముస్లిం, మాదిగ, మాల ఓట్ల లెక్క వేయకుండా మీ వైపు ఏ పార్టీ టికెట్ ఇవ్వదు. నేను సైనికుణ్ణి, నాకు కులం లేదు అంటే వినడానికి బాగుంటుంది, పైగా మీరు నిజంగానే అలా బతికారు, కానీ మీ మీద లెక్క వేసేవాళ్లకు అది పట్టదు. మీరు చేయగలిగింది అన్ని వాడల్లోనూ తినగలగడం, అందరి ఇళ్లకూ ఒకే చనువుతో పోగలగడం, అది నటన కాకపోవడం.

టికెట్ చివరిమాట. పార్టీలు ఫోన్ సర్వేలు చేయిస్తాయి, ఖర్చు పెట్టగలడా చూస్తాయి, ఇప్పుడున్న నాయకుడు అలిగితే ఎన్ని ఓట్లు పోతాయో చూస్తాయి. మధ్యవర్తి ఎవడైనా టికెట్ ఇప్పిస్తానని డబ్బు అడిగితే ఆ ఫోన్ పెట్టేయండి. కోడుమూరు ఎస్సీ రిజర్వుడు సీటు, మీ చుట్టుపక్కల ఆదోని, ఆలూరు, మంత్రాలయం, ఎమ్మిగనూరు, పత్తికొండ జనరల్. అయితే 2023 నాటి 106వ రాజ్యాంగ సవరణతో మహిళలకు మూడో వంతు సీట్లు వస్తాయి, అది జనగణన, పునర్విభజనతో ముడిపడి ఉంది, హద్దులు మారొచ్చు. అందుకని మీ ఒక్క మండలమే కాకుండా పక్క రెండు మండలాల్లో కూడా మనుషుల్ని సంపాదించుకోండి. మేడమ్ గారికి ఆసక్తి ఉంటే ఆవిడ కూడా తిరగాలి. ఉత్తమ్ గారి భార్య పద్మావతి గారు 2014లో, 2023లో కోదాడ నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు. ఇండిపెండెంట్‌గా అయితే పది మంది ప్రతిపాదకులు చాలు, చట్టం అడ్డురాదు, కానీ మొదటిసారే ఆ దారి పట్టొద్దని నా సలహా.

డిసెంబర్‌లో లీవు మీద వస్తానన్నారు. రిటైర్మెంట్ దరఖాస్తు అంతవరకూ ఆపండి. ఓటరు జాబితా నకలు, 1బీ, పెన్షన్ అంచనా కాగితం తీసుకుని రండి, ముందు అవి చూద్దాం.